తాత, తండ్రి, కొడుకు – ఒక బ్యాకప్

మాది ఎర్రమంచి, పెనుకొండ దగ్గర. హాస్టల్లో ఊరి పేరు చెప్పగానే "ఓ, కియా ఉండే ఊరా!" అంటారు. ఫ్యాక్టరీ కంటే ముందు నుంచే ఊరుందని చెప్పాలనిపిస్తుంది గానీ, వినేవాళ్లు లేరు. 2017లో ఒప్పందం జరిగింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, అప్పట్నుంచి మాకు అదే అడ్రస్. దాని చుట్టుపక్కల విడిభాగాలు చేసే కంపెనీలు, కొరియన్ అక్షరాల బోర్డులు, తెల్లారకముందే తిరిగే షిఫ్టు బస్సులు. మా పెదనాన్న కొడుకు హిందూపురం వైపు అలాంటి ఒక చిన్న కంపెనీలో ఐటీ చూస్తాడు. ఐటీ డిపార్ట్‌మెంట్ మొత్తం అన్న ఒక్కడే. ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా అన్నే, సర్వర్ పడిపోయినా అన్నే.

ఈ వేసవి సెలవుల్లో నేను అన్న వెంట పడ్డాను, ఏదో ఒక పని చూపించమని. "బ్యాకప్ పని ఉండాది, చేస్తావా? అందరికీ బోర్ అది" అన్నాడు. నాకు బోర్ కొట్టలేదు. ఈ వ్యాసం దాని గురించే. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి సర్వర్, డిస్క్, బ్యాకప్ అనే మాటలు అలాగే రాస్తాను. వాటికి తెలుగు వెతికి పెడితే మీకే కాదు, నాకూ అర్థం కాదు.

పని ఏంటంటే, వర్చువల్ మెషీన్ల బ్యాకప్‌లకు రెండో కాపీ తీసి ఎక్కువ కాలం దాచడం. అన్న మాటల్లో అయితే, "ఉన్న బ్యాకప్‌కే ఇంకో బ్యాకప్ తీయల్ల. అది పదేండ్లు ఉండల్ల." మీకు వచ్చే ప్రశ్నే నాకూ వచ్చింది. బ్యాకప్ అంటేనే కాపీ కదా, కాపీకి మళ్లీ కాపీ ఏంటి? అది కూడా పదేళ్లు ఎందుకు?

పదేళ్ల సంగతి ముందు చెప్తా. వాళ్ల దగ్గర తయారయ్యే భాగం చేతిలో పట్టేంత చిన్నది. కానీ అది ఒక కారులోకి వెళ్తుంది, ఆ కారు పది పదిహేనేళ్లు రోడ్డు మీద తిరుగుతుంది. ఎనిమిదో ఏట ఎక్కడో ఒకచోట అది విరిగిందనుకోండి. అప్పుడు ప్రశ్న వస్తుంది: ఇది ఏ బ్యాచ్? ఏ రోజు చేశారు? ఆ రోజు కొలతలు ఎంత వచ్చాయి? అదే బ్యాచ్‌వి ఇంకెన్ని కార్లలో ఉన్నాయి? జవాబు క్వాలిటీ సర్వర్‌లో ఉంటుంది. ఉంటే కొన్ని వందల కార్లు వెనక్కి పిలిస్తే చాలు. లేకపోతే అన్నిటినీ పిలవాలి, లేదా ఎవరికో ఏదో అయ్యేదాకా ఊరుకోవాలి. అందుకే వాళ్ల భాగాలు కొనే కంపెనీల్లో ఒకటి ఆడిట్‌లో అడిగింది, "పాత రికార్డులు ఎన్నేళ్లు ఉంచుతారు, రెండో చోట ఎక్కడ ఉంచుతారు" అని. అన్న దగ్గర మొదటి ప్రశ్నకు సగం జవాబుంది. రెండో దానికి ఇప్పుడు తయారు చేయాలి.

ఇక వర్చువల్ మెషీన్. సీఎస్ వాళ్లకు తెలుసు, మిగతా బ్రాంచిల వాళ్ల కోసం చెప్తున్నా. ఒకే మేడలో నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చినట్టు అనుకోండి. గోడలు, కరెంటు, నీళ్ల ట్యాంకు ఒకటే. కానీ ఏ పోర్షన్ వంటగది దానిదే, ఏ తాళం దానిదే. అట్లాగే ఒకే సర్వర్ మీద నాలుగు కంప్యూటర్లు నడుస్తుంటాయి. అక్కడ ఒకటి అకౌంట్స్‌ది, ఒకటి స్టాక్‌ది, ఒకటి క్వాలిటీది, ఒకటి హాజరుది. ప్రతి దానికీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత సాఫ్ట్‌వేర్, సొంత పాస్‌వర్డ్‌లు. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే, ఆ మొత్తం కంప్యూటర్ డిస్క్ మీద కొన్ని ఫైళ్లుగానే ఉంటుంది. కాబట్టి డేటాను మాత్రమే కాదు, డేటాను తెరిచి చదివే సాఫ్ట్‌వేర్‌ను, దాని సెట్టింగులను, అన్నిటినీ కలిపి మెషీన్‌కు మెషీన్‌నే కాపీ తీసుకోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మొదటిసారి మొత్తం మెషీన్‌ను కాపీ చేస్తుంది. తర్వాత రోజూ రాత్రి మారిన ముక్కలను మాత్రమే తీసుకుంటుంది. సోమవారం మార్పులు, మంగళవారం మార్పులు, ఇలా ఒకదానికొకటి తగిలించిన గొలుసు తయారవుతుంది. శుక్రవారం నాటి మెషీన్ కావాలంటే మొదటి పూర్తి కాపీ నుంచి శుక్రవారం దాకా అన్ని లింకులూ బాగుండాలి. మధ్యలో బుధవారం పాడైతే గురువారం, శుక్రవారం ఉన్నా లేనట్టే. అందుకే ఎక్కువ కాలం దాచే కాపీ గొలుసు మీద ఆధారపడకుండా, దానంతట అది నిలబడే పూర్తి కాపీ అయ్యుండాలి.

అన్న కంపెనీలో మొదటి బ్యాకప్ ఎక్కడుందో తెలుసా? సర్వర్ పక్కనే. అదే గది, అదే ఏసీ, అదే యూపీఎస్. నిజానికి మొదటి కాపీ అట్లా దగ్గర ఉండటం తప్పేమీ కాదు. ఎవరో పొద్దున్నే ఫైల్ డిలీట్ చేసి లబోదిబోమంటే పది నిమిషాల్లో వెనక్కి తేవాలి, అందుకు దగ్గరుంటేనే మంచిది. కానీ ఆ గదికే ఏదైనా అయితే?

కొరియా సంగతే చూడండి. 2025 సెప్టెంబర్ 26న డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలకు నిప్పంటుకుంది. 709 ప్రభుత్వ సిస్టమ్‌లు ఆగిపోయాయి. వాటిలో చాలావరకు తర్వాత మెల్లగా లేచాయి. లేవనిది జి-డ్రైవ్. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లన్నీ దాచుకునే డ్రైవ్ అది, ఒక్కొక్కరికి 30 జీబీ. ఫైళ్లు సొంత కంప్యూటర్లో పెట్టుకోవద్దు, అందులోనే పెట్టండి అని 2018 నుంచి చెప్తూ వచ్చారు. 858 టెరాబైట్లు కాలిపోయాయి. బయట ఇంకెక్కడా కాపీ లేదు. మరీ పెద్దది కాబట్టి బయటి బ్యాకప్ పెట్టలేకపోయామన్నారు. ప్రపంచంలో ఇంటర్నెట్ బాగా ఉన్న దేశాల్లో కొరియా ఒకటి. అక్కడే ఇట్లా అయింది. మా రోడ్డు మీద కొరియన్ బోర్డులు చూస్తూ పెరిగాను కాబట్టేమో, ఆ వార్త నాకు దూరం దేశం వార్తలా అనిపించలేదు.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన ఒక లెక్క ఉంది, 3-2-1 అంటారు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, అందులో ఒకటైనా వేరే ఊళ్లో. ఆ చివరి ఒకటే మా పని. కంపెనీకి బెంగళూరులో చిన్న ఆఫీసుంది, సుమారు వంద కిలోమీటర్లు. రెండో కాపీ అక్కడ. దానికి లాగిన్ వేరే, పాస్‌వర్డ్ వేరే. ఎందుకంటే ఇప్పటి ర్యాన్సమ్‌వేర్ దొంగలు ముందు బ్యాకప్‌లనే వెతికి చెరిపేస్తారు, ఆ తర్వాతే డబ్బులడుగుతారు. ఒకే తాళంచెవితో రెండు బీరువాలూ తెరుచుకుంటే రెండో బీరువా కొని లాభమేముంది?

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే మా క్లాస్‌లోనే చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు. డిజాస్టర్ రికవరీ వేరు, దీర్ఘకాలం దాచడం వేరు. మా పక్కన పెనుకొండనే తీసుకోండి. 1565లో యుద్ధం ఓడిపోయి హంపి పాడైపోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. పెనుకొండ అప్పటికే పెద్ద కోట, కాబట్టి రాజ్యం ఆగిపోకుండా ఇక్కడి నుంచి నడిచింది. అంటే విజయనగరానికి పెనుకొండ డీఆర్ సైట్ అన్నమాట! (హిస్టరీ వాళ్లు నన్ను క్షమించాలి.) డీఆర్ సైట్ పని అంతే, రేపు పొద్దున్న పని ఆగకూడదు. దీర్ఘకాలం దాచిన కాపీ పని వేరు. ఎప్పుడో పదేళ్ల తర్వాత, ఇవాళ మనకు తెలియని మనిషి, మనం ఊహించని ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి. మొదటిదానికి నిన్నటి కాపీ ఉంటే చాలు. రెండోదానికి ఏ ఏడాదికి ఆ ఏడాది కాపీ కావాలి.

మరి రోజుకొకటి చొప్పున పదేళ్లు దాస్తే 3,650 కాపీలు. ఏ కంపెనీ డిస్కులు కొంటుంది? దీనికి పాత టేపుల కాలం నుంచి ఒక పద్ధతుంది. పేరే తాత-తండ్రి-కొడుకు. నేను తెలుగు చేయలేదు, ఇంగ్లిష్‌లోనూ దాన్ని అట్లాగే పిలుస్తారు. రోజువారీ కాపీ కొడుకు, వారానికొకటి తండ్రి, నెలకొకటి తాత. కొడుకులు తొందరగా వెళ్లిపోతారు, తాతలు ఎక్కువ కాలం ఉంటారు. మేము ఏడాదికొకటి కూడా పెట్టాం, దానికి ముత్తాత అని నేను పేరు పెట్టాను, అన్న ఒప్పుకున్నాడు. రోజువారీ 7, వారానివి 4, నెలవి 12, ఏడాదివి 10. మొత్తం 33. పదేళ్లకు 33 కాపీలు.

లెక్క బాగానే ఉంది. కానీ ఏడాదికొక కాపీ అంటే ఏ రోజుది? డిసెంబర్ 31 అన్నాను నేను. అకౌంట్స్ మేడం నవ్వింది. "మన ఏడాది మార్చి 31కి కదమ్మా అయిపోయేది. అది కూడా మార్చి 31 రాత్రి తీస్తే ఏం లాభం? ఎంట్రీలన్నీ సరిచేసేది ఆ తర్వాతే. ఆడిట్ అయిపోయినాక తీయండి" అంది. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. కంప్యూటర్లో ఉంచే లెక్కలకైతే ఇండియాలోనే ఉన్న సర్వర్‌లో బ్యాకప్ ఉండాలని, అది రోజూ తీయాలని 2022 నుంచి నిబంధన. ఇవన్నీ ఆ మేడంకు నోటికి వచ్చు. క్వాలిటీ మెషీన్‌కు మాత్రం ఏ తేదీ అయినా ఫరవాలేదు, అందులో రికార్డులు పెరుగుతాయే గానీ చెరిగిపోవు. అంటే ఎన్ని కాపీలు, ఏ రోజువి అనేది సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ కాదు. ఆ పని చేసేవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. నా నెల రోజుల్లో సగం ఇట్లా టేబుల్ టేబుల్‌కూ తిరిగి అడగడమే సరిపోయింది.

మొదటి పూర్తి కాపీ పంపడం ఇంకో కథ. నాలుగు మెషీన్లూ కుదించాక ఒక టెరాబైట్. మాకు దొరికిన లైన్ స్పీడ్ 20 ఎంబీపీఎస్. లెక్క వేయండి, నాలుగు రోజులు దాటుతుంది, అది కూడా ఆఫీసులో ఇంకెవరూ ఇంటర్నెట్ ముట్టుకోకపోతే. అందుకని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఎన్‌క్రిప్ట్ చేసి, టిఫిన్ క్యారియర్ పక్కన బ్యాగులో పెట్టుకొని హిందూపురంలో రైలెక్కాం. మధ్యాహ్నానికల్లా కాపీ బెంగళూరులో ఉంది. అప్పట్నుంచి రోజూ మారిన ముక్కలు మాత్రమే లైన్ మీద వెళ్తున్నాయి.

కాపీ పెట్టేశాం, పని అయిపోయిందనుకున్నా. అన్న ఒప్పుకోలేదు. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకూడదంటాడు. గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశాడు. వాళ్లకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. అవసరమొచ్చిన రోజు చూస్తే ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. చివరికి ఆరు గంటల ముందు ఎవరో వేరే పని కోసం తీసుకున్న కాపీ ఒకటి దొరికి బతికిపోయారు.

సరే, మేమూ పరీక్ష పెట్టాం. పాత డిస్క్ ఒకదాంట్లో 2019 నాటి క్వాలిటీ మెషీన్ కాపీ ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌కు తగలకుండా పక్కన వేరుగా దాన్ని లేపాం. తగిలితే ఇప్పటి మెషీన్, అప్పటి మెషీన్ ఒకే పేరుతో కొట్టుకుంటాయి. అది లేచింది. స్క్రీన్ మీద పాత విండోస్ వచ్చింది. యూజర్ పేరు కూడా వచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది.

ఎవరికి తెలుసు? ఆ యూజర్ ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. ఇప్పటి పాస్‌వర్డ్ పనికిరాదు, ఎందుకంటే మెషీన్‌కు అది ఇంకా 2019. మనం ఏడేళ్లు ముందుకొచ్చాం, అది రాలేదు. అన్న నలుగురికి ఫోన్ చేసి ఆ సార్ నంబర్ పట్టుకున్నాడు. ఆయన ఇప్పుడు ధర్మవరంలో వాళ్ల ఇంటి పట్టుచీరల వ్యాపారం చూసుకుంటున్నాడు. విషయం చెప్తే కాసేపు నవ్వి, "ఉండప్పా, గుర్తు తెచ్చుకోనీ" అని, రెండు ప్రయత్నాల్లో చెప్పేశాడు. వాళ్ల పాప పేరు, పక్కన కొన్ని అంకెలు. మెషీన్ తెరుచుకుంది. 2019 నాటి కొలతలన్నీ అట్లాగే ఉన్నాయి.

దొంగలకు దొరకని చోట ఇప్పుడు పాస్‌వర్డ్‌లు, ఎన్‌క్రిప్షన్ తాళాలు కూడా కాపీతో సమానంగా పదేళ్లు దాచే ఏర్పాటు చేశాం. కానీ నాకు ఆ సాయంత్రం నుంచి ఒకటే ఆలోచన. డిస్క్ బాగుంది, ఫైల్ బాగుంది, మెషీన్ బాగుంది. అయినా జవాబు ధర్మవరంలో ఒక మనిషి తలలో ఉంది. ఆయనకు గుర్తు రాకపోయి ఉంటే?

ఇది కంప్యూటర్లతో వచ్చిన సమస్య కాదు. మనవాళ్లకు ఐదు వందల ఏళ్ల కిందే వచ్చింది. అన్నమయ్య కథలో మా పెనుకొండ కూడా ఉంది. సాళువ నరసింహరాయలు తన మీద పాట పాడమంటే అన్నమయ్య పాడనన్నాడని, సంకెళ్లు వేయించాడని చెప్పే ఘట్టం పెనుకొండలో జరిగినట్టే ఆయన మనవడు చిన్నన్న రాశాడు. అన్నమయ్య పాటలు 32,000 అంటారు. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. మనవడు చిన తిరుమలాచార్యుల పాటలు కూడా ఆ రేకుల్లో ఉన్నాయి. నిజంగానే తాత, తండ్రి, కొడుకు! తాటాకైతే పురుగు పడుతుంది, అందుకే పాడయ్యేలోపు కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసుకోవాలి. రాగికి ఆ భయం లేదు. ఇవాళ్టి భాషలో చెప్తే మీడియా మార్చారు, లాంగ్ టర్మ్ రిటెన్షన్ పెట్టారు. రేకులు తిరుమల గుడిలో ఒక అరలో ఉండిపోయాయి. 1920లలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. 12,000కు పైగా పాటలు దొరికాయి.

దొరికినవి ఎట్లా ఉన్నాయి? సాహిత్యం ఉంది. ప్రతి పాట మీదా రాగం పేరుంది. స్వరాలు లేవు. ఏ వరసలో పాడేవాళ్లో చెప్పేది ఏదీ లేదు. అప్పట్లో రాయాల్సిన అవసరం వాళ్లకు కనిపించి ఉండదు, పాడేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదా. అంటే డేటా బ్యాకప్ అయింది, మెషీన్ కాలేదు. మా అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893–1979) తిరుపతిలో కూర్చొని చాలా పాటలకు కొత్తగా స్వరాలు కట్టారు. ఇవాళ మనం వింటున్న అన్నమయ్య పాటలు ఆయనలాంటివాళ్లు తర్వాత కట్టిన వరసల్లోనే. ఆ వరసలు ఎంతో బాగుంటాయి. కానీ అన్నమయ్య గొంతులో అది ఎట్లా ఉండేదో ఎవరికీ తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు.

నాకు ఇది ఎందుకు ఇంతగా తగిలిందంటే, మా ఇంట్లో ఒక నోట్‌బుక్ ఉంది. మా తాత చెక్కభజన గురువు. శ్రీరామనవమికి, కార్తీకమాసంలో రాత్రంతా భజన చేసేవాళ్లు. తాత పోయినప్పుడు నేను ఏడో తరగతి. ఆయన పాటల నోట్‌బుక్‌లో 64 పాటలున్నాయి, గుండ్రటి అక్షరాలు, నీలం ఇంకు. ప్రతి పాట మీదా "వరుస" అని రాసి, ఏ పాట లాగా పాడాలో పేరు రాసుకున్నాడు. కొన్నిటికి పాత సినిమా పాటలు, అవి యూట్యూబ్‌లో దొరుకుతాయి. కానీ పదకొండు పాటలకు మాత్రం "పెద్ద భజన వరుస", "మడకశిర వాళ్ల వరుస" అని ఉంది. అంతే. ఆయనకు అది చాలు.

నోట్‌బుక్‌కు రెండో కాపీ ఉంది. తాత స్నేహితుడు ఒకాయన సోమందేపల్లిలో ఉండేవాడు, ఆయన మొత్తం ఎత్తి రాసుకున్నాడు. అంటే 3-2-1లో ఆ ఒకటి కూడా ఉంది, వేరే ఊళ్లో! ఒక క్యాసెట్ కూడా ఉండేది. అది మా ఇంట్లోనే, ఒక్కటే. టేపుకు బూజు పట్టి అతుక్కుపోయింది. ఇప్పుడు ఊళ్లో భజన అంటే స్పీకర్లో పెట్టే పాటలే. పాడే వయసు వాళ్లంతా షిఫ్టుల్లో ఉన్నారు. అది తప్పని నేను అనను, అన్న జీతం, నా ఫీజు అక్కడి నుంచే వస్తున్నాయి. ఆ పదకొండు పాటలు ఎట్లా పాడేవాళ్లని అవ్వను అడిగితే, "పుస్తకం ఉండాది లే పాపా, పాడేటోళ్లు యాడుండారు?" అంది.

ధర్మవరం సార్ ఫోన్ తర్వాత వచ్చిన ఆదివారం నేను, అన్న సోమందేపల్లి వెళ్లాం. తాత స్నేహితుడు లేడు, ఆయన తమ్ముడున్నాడు, ఎనభై దాటిన మనిషి. మొదట ఏమీ గుర్తులేదన్నాడు. నోట్‌బుక్ చదివి వినిపిస్తుంటే, మూడో పాటకు ఆయన చేతులు వాటంతటవే చెక్కలు వాయించినట్టు కదిలాయి. తర్వాత పాడాడు. మధ్యలో దగ్గు, మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి. పదకొండిట్లో నాలుగింటికి వరుస దొరికింది. ఏడింటికి దొరకలేదు. ఆయనకు తెలిసి ఇంకెవరూ లేరు.

ఆ నాలుగింటి రికార్డింగ్ ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఉంది, బెంగళూరులో మా పిన్ని ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉంది, క్లౌడ్‌లో ఉంది. ఏడాదికొకసారి తెరిచి వినాలని ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. మంచి టేపులు 30 ఏళ్లు ఉంటాయంటారు. ఎల్‌టీఓ-9 టేపులో 18 టెరాబైట్లు పడతాయి. కానీ ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఎల్‌టీఓ-8 టేపు చదువుతుంది, ఎల్‌టీఓ-7 టేపు చదవదు. టేపు బతికే ఉంటుంది, చదివే డ్రైవే బజార్లో ఉండదు. కాబట్టి ఎంత మంచి మీడియా కొన్నా కొన్నేళ్లకొకసారి ఎవరో ఒకరు కొత్తదాంట్లోకి ఎత్తి రాయాల్సిందే. తాటాకుల కాలంలో చేసిన పనే మనదీ.

అందుకే ఇదంతా మన పత్రికలో రాస్తున్నాను. మన క్లబ్ పాత సంచికలు ఎక్కడున్నాయో మీలో ఎంతమందికి తెలుసు? కొన్ని ఒక సీనియర్ కాలేజీ మెయిల్ డ్రైవ్‌లో ఉన్నాయి. పాసై వెళ్లిన కొన్నాళ్లకు ఆ మెయిల్ మూసేస్తారు. మొదటి సంచికల అసలు ఫైళ్లు యూనికోడ్ కాని పాత ఫాంట్‌లో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే కథ మొత్తం పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. సాహిత్యం ఉంది, వరుస లేదు, అదే కేసు.

సీనియర్లను అడిగి దొరికినన్ని సంచికలు పోగేశాను. పాత ఫాంట్ ఫైళ్ల పక్కనే ఆ ఫాంట్‌ను, పీడీఎఫ్‌ను, యూనికోడ్‌లోకి మార్చిన అక్షరాలను కూడా పెడుతున్నాను. ఒక కాపీ క్లబ్ రూమ్‌లో, ఒకటి క్లౌడ్‌లో క్లబ్ పేరుతోనే తీసిన అకౌంట్‌లో, ఒకటి మా ఎర్రమంచిలో. ఇంకా కావాల్సింది ఒక మనిషి. ప్రతి సంవత్సరం క్లబ్ కొత్త కమిటీ వచ్చిన వారంలో ఆ మూడు చోట్లా ఫైళ్లు తెరిచి, అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూసి, తర్వాతి ఏడాది చూసేవాళ్ల పేరు రాసి వెళ్లాలి. గంట పని. నేను ఫైనలియర్ దాకా చూస్తాను. ఫస్టియర్ వాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు క్లబ్ రూమ్‌కు రండి, సాయంత్రం ఐదు తర్వాత అక్కడే ఉంటాను. కోడింగ్ రానక్కర్లేదు. తెలుగు చదవడం వస్తే చాలు.